గంట కొట్టేవాళ్లు లేని చోట

ఇంటర్‌లో మనకు గంట కొట్టారు. తెల్లవారుజామున ఐదింటికి హాస్టల్లో ఒక గంట, స్టడీ అవర్‌కి ఒక గంట, టిఫినుకి ఒక గంట, రాత్రి పుస్తకం మూయడానికి మరో గంట. ఇంజినీరింగులో అంత బిగింపు లేకపోయినా అటెండెన్సు ఉంది, మిడ్ పరీక్షలున్నాయి, పరీక్ష ముందు రాత్రి మేలుకుని గట్టెక్కే అలవాటు ఉంది. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా మన రోజుని ఎవరో ఒకరు కోసి, ముక్కలు చేసి, చేతికిస్తూ వచ్చారు. ఆ తర్వాత ఒక ఆగస్టులో రెండు పెట్టెల్లో పచ్చళ్లు, పొడులు, కుక్కరు సర్దుకుని ఎమ్మెస్ చదవడానికి అమెరికాలో దిగుతాం. అక్కడ గంట కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

మొదటి సెమిస్టర్‌లో తడబడిన మన పిల్లల్ని చాలామందిని దగ్గరగా చూశాను. నేనూ తడబడినవాణ్ణే. తెలివి చాలక తడబడినవాళ్లు వాళ్లలో దాదాపు లేరు. ఇంగ్లిషు రాక ఇబ్బంది పడినవాళ్లూ తక్కువే. తమ రోజుని తామే కట్టుకోవాలన్న సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు, అంతే. వీసా వచ్చింది, విమానం దిగాం, గది దొరికింది అనుకుంటాం గానీ ఇల్లలకగానే పండగ కాదు. రోజు కట్టుకోవడం నేర్చుకోదగ్గ పని. మనసు పెడితే మొదటి సెమిస్టర్‌లోనే పట్టుబడుతుంది.

ఖాళీగా కనిపించే వారం

మొదటి వారం టైంటేబుల్ చూస్తే ప్రాణం లేచొస్తుంది. మూడు కోర్సులు, ఒక్కోటి మూడు క్రెడిట్లు. చాలా యూనివర్సిటీల్లో పీజీ విద్యార్థి 9 క్రెడిట్లు తీసుకుంటే అది పూర్తికాలపు చదువు. మంగళ, గురువారాల్లో రెండేసి క్లాసులు, బుధవారం సాయంత్రం ఒకటి. సోమవారం ఖాళీ, శుక్రవారం ఖాళీ. బీటెక్‌లో రోజుకి ఆరేడు పీరియడ్లు కూర్చున్నవాళ్లకి ఇది సెలవుల్లా ఉంటుంది.

ఒక కాగితం తీసి లెక్క వేయండి. అక్కడి లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట కనీసం రెండు గంటల చదువు. పీజీ కోర్సులకు మూడు గంటలు వేసుకుంటేనే నిజానికి దగ్గరగా ఉంటుంది. అంటే 9 గంటల క్లాసులకు 27 గంటల సొంత చదువు, మొత్తం 36. క్యాంపస్‌లో పని దొరికితే దానికి 20 గంటలు. రాత్రికి ఏడు గంటల చొప్పున నిద్ర 49. అన్నీ కలిపితే 105. వారానికి ఉన్నవి 168. మిగిలినవి 63, అంటే రోజుకి తొమ్మిది. వంట, తిండి, స్నానం, బస్సు, బట్టలు, సరుకులు, ఇంటికి ఫోను, ఉద్యోగాల వేట, నలుగురితో నాలుగు మాటలు అన్నీ ఆ తొమ్మిదిలో పట్టాలి.

పడతాయి. అనుభవం మీద చెబుతున్నాను. కానీ ఆ 27 గంటలకి గది నంబరు లేదు, హాజరు లేదు, అడిగేవాళ్లు లేరు. వాటికి మనం చోటు చూపించకపోతే అవన్నీ జారి జారి ఆదివారం రాత్రి మీద పడతాయి. అప్పుడు ఎంత తెలివైనవాడికైనా ఊపిరాడదు.

అందుకే క్లాసులు రాసుకున్న క్యాలెండర్‌లోనే సొంత చదువునీ క్లాసులాగా రాసుకోండి. ‘సోమవారం చదవాలి’ అని రాస్తే చాలదు. ‘సోమవారం పది నుంచి ఒంటిగంట దాకా, లైబ్రరీ మూడో అంతస్తు, అల్గారిథమ్స్ రెండో హోంవర్క్’ అని రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అని ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్న పని పూర్తి చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లోనే వివరంగా రాశారు. మన పెద్దవాళ్లు ముహూర్తం పెట్టడంలో ఉన్న సుగుణం కూడా ఇదే. ముహూర్తం పెట్టాక పని ఎవరి తలలోనో తిరగదు, ఒక రోజుకీ ఒక వేళకీ కట్టుబడుతుంది.

చోటు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. గదిలో చదవొద్దు. నలుగురున్న గదిలో ఒకరు ఫోన్లో, ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు సినిమా ముందు, మంచమేమో మన వెనకే. లైబ్రరీ కుర్చీలో కూర్చుంటే మూడు గంటల్లో అయ్యే పని గదిలో ఒక రోజంతా తినేస్తుంది.

సిలబస్ అన్న మాటకి అర్థం మారింది

మనకి సిలబస్ అంటే యూనిట్లు, వాటి కింద పాఠాల పేర్లు. అక్కడ మొదటి క్లాసులో ఇచ్చే సిలబస్ అంటే ప్రొఫెసర్‌కీ విద్యార్థికీ మధ్య కుదిరిన కరారు లాంటిది. ఏ హోంవర్క్ ఏ తేదీన, ఎన్ని గంటలకి ఇవ్వాలి, ఆలస్యమైతే ఎంత కోత, హోంవర్క్‌కి ఎంత శాతం, ప్రాజెక్టుకి ఎంత, మిడ్‌టర్మ్ ఎప్పుడు, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఏ గంటల్లో ఎక్కడ కూర్చుంటారు అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని చదవకుండా పక్కన పెట్టడం మనలో చాలామంది చేసే మొదటి పొరపాటు.

నేను చేశాను. అక్టోబర్‌లో ఒక సోమవారం కూర్చుని తేదీలు చూసుకుంటే గురువారం ఒక మిడ్‌టర్మ్, అదే రాత్రి పదకొండు యాభై తొమ్మిదికి ఇంకో కోర్సు హోంవర్క్, శుక్రవారం ఉదయం మూడో కోర్సులో ప్రాజెక్టు ప్రతిపాదన. ఆ మూడు తేదీలూ ఆగస్టు నుంచి నా దగ్గరే ఉన్నాయి. మూడు వేరువేరు ఫైళ్లలో ఉన్నాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి ఢీకొంటున్నట్టు నాకు కనిపించలేదు.

మొదటి వారాంతంలో ఒక గంట కేటాయించండి. మూడు సిలబస్‌లూ ముందు పెట్టుకుని ప్రతి తేదీనీ ఒకే పెద్ద కాగితం మీదకి ఎక్కించండి. ఒక్కో కోర్సుకి ఒక్కో రంగు. రంగులు గుంపుగా ఉన్న వారాలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిదో వారం మధ్యలో, మళ్లీ నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ దాటాక. ఆ వారాలకు ముందటి వారంలో పార్ట్‌టైమ్ పని గంటలు తగ్గించమని ముందుగానే అడగొచ్చు. మూడు వారాల ముందు అడిగితే సర్దుతారు. ముందు రోజు అడిగితే వాళ్లకీ కష్టమే.

ఇచ్చిన రోజే మొదలు

హోంవర్క్ ఇచ్చిన రోజే ఇరవై నిమిషాలు దాని ముందు కూర్చోండి. సాధించక్కర్లేదు. ప్రశ్నలన్నీ చదివి, ఏది అర్థమైందో, ఏది కాలేదో పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి చాలు. పది రోజుల గడువున్న హోంవర్క్‌లో మూడో ప్రశ్న అర్థం కాలేదని తొలి రోజే తెలిస్తే దారి వెతకడానికి తొమ్మిది రోజులుంటాయి. తొమ్మిదో రోజు రాత్రి తెలిస్తే వాట్సాప్ తప్ప ఇంకేమీ ఉండదు. ఆ వాట్సాప్ సంగతి కాసేపట్లో చెబుతాను.

చదివే పద్ధతి గురించి ఒక మాట. స్లైడ్లు తిరగేస్తూ రంగు గీతలు పెట్టడం వల్ల వచ్చినట్టే ఉంటుంది గానీ నిలవదు. చదివింది ఎంత వేగంగా జారిపోతుందో హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే పరీక్షించుకుని 1885లో అంకెలతో సహా చూపించాడు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇంటర్‌లో ప్రతి వారం పెట్టిన పరీక్షల్ని మనం తిట్టుకున్నాం. ఆ చదువులో ఒత్తిడి చాలా తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వారం వారం చూడకుండా రాయడమనే పద్ధతిలో పస ఉంది. ఆ ఒత్తిడి అక్కడే వదిలేసి పస మాత్రం వెంట తెచ్చుకోండి. ప్రతి శుక్రవారం అరగంట, తెల్లకాగితం, ఆ వారం మూడు కోర్సుల్లో ఏం చెప్పారో చూడకుండా రాయడం. ఎవరూ మార్కులు వేయరు. ఎక్కడ కాగితం ఖాళీగా ఉండిపోయిందో అదే వచ్చే వారం టీఏని అడగాల్సిన ప్రశ్న.

అడగందే అమ్మైనా పెట్టదు

మన చదువుల్లో డౌటు అడగడం చిన్న విషయం కాదు. ‘ఇది కూడా తెలీదా?’ అన్న మాట ఏ ఎనిమిదో తరగతిలోనో ఒక్కసారి పడ్డవాడు ఆ తర్వాత చెయ్యెత్తడు. ఆ జంకుని కూడా పచ్చళ్లతో పాటు పెట్టెలో పెట్టుకుని వెళతాం.

అక్కడ ప్రొఫెసర్లు, టీఏలు వారానికి కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్ అని పెడతారు. ఆ పేరు విని అది ప్రొఫెసర్ ఆఫీసు పనిలో ఉండే సమయమనీ, వెళ్లి ఇబ్బంది పెట్టకూడదనీ నేను నెలన్నర అనుకున్నాను. అది సరిగ్గా తలకిందుల అర్థం. ఆ గంటలు విద్యార్థులు వచ్చి అడగడానికే. చాలా వారాలు ఎవరూ రాక ఆయన ఒక్కరే కూర్చుని ఉంటారు.

నా విషయం చెబుతాను. మెషిన్ లెర్నింగ్ కోర్సులో రెండో అసైన్‌మెంట్. లీనియర్ రిగ్రెషన్‌ని మొదటి నుంచి సొంతంగా కోడ్ రాసి నడిపించాలి. నా కోడ్ ఆగకుండా నడుస్తోంది, జవాబు మాత్రం తప్పు. లెర్నింగ్ రేటు తగ్గించాను, పెంచాను, డేటా మళ్లీ దించుకున్నాను. శనివారం సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటి మూడింటి దాకా అదే తంతు. సోమవారం, ఇంక గత్యంతరం లేక, టీఏ దగ్గరికి వెళ్లాను. ఆమె నా కోడ్ చూడనేలేదు. మార్కర్ చేతికిచ్చి, “బోర్డు మీద ఒక్కో పదానికి ఎన్ని అడ్డవరుసలు, ఎన్ని నిలువు వరుసలు ఉన్నాయో రాయి” అంది. రాస్తుండగా నాకే కనిపించింది. నిలువు వరుసగా ఉన్న అంకెల్లోంచి, వరుస రూపమే లేని ఉత్త అంకెల జాబితాని తీసేస్తున్నాను. పైథాన్‌లో లెక్కలు చేసే నంపై లైబ్రరీ దాన్ని తప్పని చెప్పదు. రెంటినీ పరచి పెద్ద చతురస్రపు మాట్రిక్స్ ఒకటి చేసి పెడుతుంది. ఆ మాట్రిక్స్ మీద నా లెక్కంతా నడుస్తోంది. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది. నేను పోగొట్టుకున్నది ఒక రాత్రి నిద్ర, ఒక ఆదివారం.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉద్యోగంలో పాటిస్తున్నాను. నలభై నిమిషాలు ఒకే చోట ఆగిపోతే కీబోర్డు వదిలేసి కాగితం మీద మూడు విషయాలు రాయడం. నాకు కావలసిందేమిటి, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించాను, సరిగ్గా ఎక్కడ ఆగింది. సగం సార్లు రాస్తుండగానే ముడి విడిపోతుంది. విడిపోకపోతే ఆ కాగితం పట్టుకుని ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. ‘ఏమీ అర్థం కాలేదు’ అని వెళ్లినవాడికి ఎవరూ సాయం చేయలేరు, ఎక్కడ పట్టుకోవాలో వాళ్లకీ తెలియదు. ‘ఇక్కడిదాకా వచ్చాను, ఈ మెట్టు దగ్గర ఆగాను’ అన్నవాడిని చూస్తే చెప్పేవాళ్లకే ఉత్సాహం వస్తుంది. ఇలా నాలుగు వారాలు వెళితే ప్రొఫెసర్‌కి మీ పేరు తెలుస్తుంది. రెండో సెమిస్టర్‌లో రీసెర్చ్ పని అడగడానికో, సిఫార్సు ఉత్తరం అడగడానికో వెళ్లినప్పుడు మీరు ఆయనకి కొత్త మొహం కారు.

ఫైలు పంపమన్నప్పుడు

ఇప్పుడు వాట్సాప్ సంగతి. ఒకే గదిలో నలుగురు, నలుగురూ ఒకే కోర్సు. రాత్రి పదకొండైంది, గడువు ఇంకో గంట. ‘ఒక్కసారి నీది పంపరా, ఐడియా కోసం.’ మనకి ఇందులో తప్పు కనిపించదు. ల్యాబ్ రికార్డు ఒకరిది చూసి ఒకరు రాసుకునే నాలుగేళ్లు గడిపాం. అది మన దృష్టిలో స్నేహం. ఇవ్వకపోతేనే తప్పు.

అక్కడ దీన్ని అకడమిక్ ఇంటిగ్రిటీ ఉల్లంఘన అంటారు. తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడూ బాధ్యుడే. కోడ్‌ల మధ్య పోలిక పట్టే మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచీ వాడకంలో ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా, ప్రోగ్రాము అల్లిక ఒకటైతే అది పట్టుకుంటుంది. దొరికితే ఆ అసైన్‌మెంట్‌కి సున్నా దగ్గర మొదలై కోర్సులో ఎఫ్ గ్రేడు, సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు. సస్పెన్షన్ అంటే చదువు ఆగడం, చదువు ఆగడమంటే ఎఫ్-1 విద్యార్థి వీసా హోదాకే చేటు.

నా తోటి విద్యార్థి ఒకడు ఇలాంటి విచారణలో కూర్చున్నాడు. తన పని తానే చేసుకున్నవాడు, ఇచ్చినవాడు. ఆ పదిహేను రోజులూ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. ఇంట్లో చెప్పలేదు. చివరికి కోర్సులో ఒక గ్రేడు కోతతో బయటపడ్డాడు. కానీ ఆ మనిషి మళ్లీ మామూలు కావడానికి ఏడాది పట్టింది. అందుకే ఈ సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాట్లాడుకోవడం వేరు, కాపీ వేరు. ఇద్దరూ బోర్డు ముందు నిలబడి ఆలోచన చర్చించుకోండి, కోర్సు నియమాలు ఒప్పుకుంటే. అయ్యాక బోర్డు తుడిచేయండి, ఫొటో తీయొద్దు. అరగంట ఆగి ఎవరి జవాబు వాళ్లు సొంతంగా రాయండి. ఎవరితో చర్చించారో వాళ్ల పేర్లు జవాబు పత్రం పైనే రాయండి. ఏఐ సాధనాలకీ ఇదే పద్ధతి. ఒక కోర్సులో వాడొచ్చంటారు, ఇంకో కోర్సులో ముట్టుకోవద్దంటారు. సిలబస్‌లో చూడండి, లేకపోతే మెయిల్ పెట్టి అడగండి.

స్నేహితుడికి ‘కుదరదు’ అని చెప్పడం మనకి కష్టం. దానికో మాట ముందే తయారు చేసుకుని ఉంచుకోండి. “ఫైలు పంపను రా, లాప్‌టాప్ పట్టుకుని ఇటు రా, ఎక్కడ ఆగిందో చూద్దాం.” ఈ మాటలో వాడిని కాదన్నదీ లేదు, మిమ్మల్ని ప్రమాదంలో పెట్టుకున్నదీ లేదు.

వంతులు, నిద్ర

గదిలో గొడవలు దాదాపు అన్నీ గిన్నెల దగ్గరే మొదలవుతాయి, ఆ తర్వాత డబ్బుల దగ్గర. దిగిన వారంలోనే నలుగురూ కూర్చుని వంతులు రాసుకోండి. ఒకరు వండితే ఇంకొకరు గిన్నెలు. ఖర్చు ఏ రోజుది ఆ రోజే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఎక్కించండి. మొహమాటంతో నెల్లాళ్లు ఆగితే నలభై డాలర్లు కూడా మనసులో ముల్లవుతాయి. బయలుదేరే ముందు ఇంట్లో పప్పు, ఒక వేపుడు, చారు, కోడిగుడ్డు కూర, పెరుగు తోడుపెట్టడం నేర్చుకోండి. ఆదివారం రెండు గంటలు పెట్టి రెండు కూరలు చేసి డబ్బాల్లో పెట్టుకుంటే బుధవారం దాకా వెతుక్కోనక్కర్లేదు. అన్నం ఎలాగూ కుక్కర్లో అయిపోతుంది.

నిద్ర దగ్గర మాత్రం బేరాలొద్దు. 2003లో వాన్ డాంగెన్, ఆయన సహచరులు కొందరిని పద్నాలుగు రోజుల పాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చి పరీక్షలు పెట్టారు. చివరికి వాళ్ల చురుకుదనం ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. వాళ్లకి మాత్రం అంత దిగజారామన్న స్పృహే పెద్దగా లేదు. మొదటి సెమిస్టర్‌లో ‘నాకు ఐదు గంటలు చాలు’ అనేవాళ్లు ప్రతి గదిలో ఒకరుంటారు. అది నిజమని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు కూడా. సాయంత్రం తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది కాబట్టి మూడింటి తర్వాత కాఫీ మానేయండి.

పని, అప్పు

చాలామంది ఇళ్లలో ఈ చదువు వెనక ఒక లోను ఉంది, కొందరిళ్లలో దాని కింద పొలం కాగితాలో ఇంటి కాగితాలో ఉన్నాయి. అందుకే దిగిన మర్నాటి నుంచే పని వెతుకుతాం. అందులో తప్పేమీ లేదు. తరగతులు సాగే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయొచ్చు. డైనింగ్ హాలు, లైబ్రరీ, ల్యాబు, ఏదైనా గౌరవమైన పనే. కానీ బయట అనుమతి లేకుండా, చేతికి డబ్బిచ్చే పనుల జోలికి వెళ్లొద్దు. గంటకి ఎంత ఇస్తామన్నా సరే. ఆ డబ్బు కోసం పెట్టే పణం మీ వీసా హోదా. ఏదైనా అనుమానం ఉంటే సీనియర్‌ని కాదు, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నే అడగండి. నిబంధనలు మారుతుంటాయి, సీనియర్‌కి తెలిసినవి రెండేళ్ల కిందటివి.

చదువుకుంటూ పనిచేయడం మనకి కొత్త కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన మనిషి. హార్వర్డ్‌లో చదువుకుంటూ, డబ్బు చాలక, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల పాత్రలు శుభ్రం చేశారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. జీవరసాయన విద్యార్థులు ఇప్పటికీ ఆ ఇద్దరి పేరుతోనే దాన్ని చదువుతారు. ఆయన కథని ఎంత కష్టమైనా పడాలన్న ధోరణిలో చెబుతుంటారు. నాకు కనిపించేది ఇంకొకటి. రాత్రి చేసే పని ఆయన చదువుకి కాపలా కాసింది గానీ, ఆయన్ని ల్యాబు నుంచి లాక్కెళ్లలేదు. మీ పని గంటల్ని కూడా అదే తూకంతో చూసుకోండి. 20 గంటల పని వల్ల గ్రేడు బి కిందకి దిగుతుంటే 12 చేయండి. చాలా చోట్ల పీజీలో 3.0 జీపీఏ నిలుపుకోకపోతే ప్రొబేషన్‌లో పెడతారు. ఒక కోర్సు మళ్లీ చదవడానికయ్యే ఫీజు, ఆ ఎనిమిది గంటల జీతం కంటే ఎన్నో రెట్లు.

‘తిన్నావా?’

డాలస్‌లో ఉంటే ఆగస్టులో రాత్రి ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉదయం ఏడు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అదే ఎనిమిదిన్నరకి ఇంట్లో ఎనిమిది. ఆ వేళని ఇంటికి కట్టేయండి. ఎప్పుడు పడితే అప్పుడు చేస్తే వాళ్లు రోజంతా ఫోను చూస్తూ ఉంటారు, మనం చదువు మధ్యలో ఎత్తి విసుక్కుంటాం. వారంలో నాలుగు రోజులు పదిహేను నిమిషాలు చాలు, వేళ తప్పకపోతే.

అమ్మ ‘తిన్నావా?’ అంటుంది. ‘తిన్నాను’ అంటాం, తినకపోయినా. వాళ్లని బాధపెట్టకూడదని మొదలైన ఈ అబద్ధం మెల్లగా పెరుగుతుంది. మిడ్‌టర్మ్ బాగా రాయలేదని చెప్పం, గదిలో మాటల్లేవని చెప్పం, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదని చెప్పం. ప్రతి ఫోనులో ఒక చిన్న నిజం చెప్పడం అలవాటు చేసుకోండి. “మొన్నటి పరీక్ష కష్టంగా వచ్చిందమ్మా, నూటికి యాభై రెండు వచ్చాయి. క్లాసు సగటు యాభై ఐదే.” ఆ రెండో వాక్యం మీరు కూడా నమ్మాలి. మన దగ్గర యాభై రెండంటే గండం తప్పినట్టు. అక్కడ చాలా కోర్సుల్లో గ్రేడు క్లాసు మొత్తం ఎలా రాసిందన్నదాని మీద ఆధారపడుతుంది. మార్కు చూసి కుంగిపోయే ముందు సగటు ఎంతో అడగండి.

బరువు మరీ ఎక్కువైతే, అంటే రెండు వారాలుగా మంచం మీద నుంచి లేవబుద్ధి కాకపోతే, బతుకు మీద విరక్తి మాటలు మనసులో మెదిలితే, క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళలోనైనా 988 అనే సంక్షోభ సహాయ నంబరుకి ఫోను గానీ మెసేజ్ గానీ చేయొచ్చు. గదిలో పక్కవాడు అలా మౌనంగా అయిపోతే మీరే అడగండి. అన్నం కంచం పట్టుకుని వెళ్లి పక్కన కూర్చోండి.

‘తిన్నావా?’ తర్వాత ఇంటి నుంచి వచ్చే ప్రశ్న ఉద్యోగం గురించే కాబట్టి, ఆ వేట గురించీ క్లుప్తంగా. ఎన్నో చోట్ల కెరీర్ ఫెయిర్ సెప్టెంబర్‌లోనే పెట్టేస్తారు, కాబట్టి రెజ్యూమే దిగిన నెలలోనే సిద్ధం కావాలి. ఒక విద్యా సంవత్సరం నిండాక సాధారణంగా సీపీటీ (కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్) అనే అనుమతి మీద ఇంటర్న్‌షిప్‌కి వీలుంటుంది. ఆగస్టులో చేరినవాళ్లకి తొలి వేసవికే ఆ దారి తెరుచుకుంటుంది. ఈ వేటకి వారంలో మూడు రోజులు, రోజుకో గంట, అంతకుమించి వద్దు. అర్ధరాత్రి యాభై అప్లికేషన్లు తోసి పడుకునేవాళ్లని చూశాను. అవి ఎవరికి పంపారో వాళ్లకే గుర్తుండదు. పక్క గదిలోవాడికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన రోజు మనసు చివుక్కుమంటుంది. ఆ రోజే వెళ్లి వాడిని ఎలా తయారయ్యాడో అడగండి, దాచుకునేవాళ్లు తక్కువ.

నా రెండో సెమిస్టర్ జనవరిలో మొదలైంది. మొదటి క్లాసుకి ముందు ఆదివారం నలుగురం హాల్లో నేల మీద కూర్చున్నాం. మధ్యలో నాలుగు అట్ట కాగితాలు అంటించిన ఒక పెద్ద కాగితం, రంగు పెన్నులు, అప్పటికే పోర్టల్‌లో పెట్టిన సిలబస్‌ల ప్రింట్లు. ఒకడు తేదీలు చదువుతున్నాడు, ఒకడు రాస్తున్నాడు. మార్చి రెండో వారంలో మూడు రంగులు ఒకే గడిలో పడేసరికి, “ఆ వారం వంట వంతు నాది కాకుండా చూడండ్రా” అన్నాడు ఇంకొకడు. ఆ గడిలో వాడి వంతు కొట్టేసి నా పేరు రాశాం. పొయ్యి మీద కుక్కరు మూడో కూత వేసింది. పప్పు నాది కాబట్టి నేను లేచాను.